హైదరాబాద్ ఫ్లాట్‌లో గోడ నుంచి గోడకు కార్పెట్: వేయించుకోవచ్చా?

నమస్కారం అండీ. మియాపూర్‌లోని మా ఫ్లాట్‌లో హోమ్ థియేటర్ గదికి గోడ నుంచి గోడకు కార్పెట్ వేయించాం. మీకిప్పుడు కనిపిస్తున్నది అదే. ఒక వానాకాలం కూడా చూసేసింది కాబట్టి నమ్మకంగా మాట్లాడుతున్నా. షాపులో రంగు చూపిస్తారు, చేత్తో నిమిరి చూడమంటారు. కానీ కార్పెట్ ఎన్నాళ్లు నిలుస్తుందన్నది దాని కింద ఏం పరిచారు, ఎలా లాగి బిగించారు అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

ముందు కొలతలు. రోల్ వెడల్పు సాధారణంగా 12 అడుగులు, కొన్ని 4 మీటర్లు. మా గది 11కి 14, అంటే 154 చదరపు అడుగులు. గోడల దగ్గర కోతకు కాస్త ఉంచాలి కదా, 12 అడుగుల రోల్‌లో 14.5 అడుగులు కోశారు. బిల్లు 174 చదరపు అడుగులకు వచ్చింది. ఇందులో మోసమేమీ లేదు, లెక్కే అంత. అదే గది వెడల్పు 13 అడుగులుంటే ఆ రోల్‌తో అతుకు తప్పదు. అతుకు పడితే రెండు ముక్కల్లోనూ పోగులు ఒకే వైపు వాలాలి, లేకపోతే ఒకటి ముదురుగా, ఒకటి లేతగా కనిపిస్తుంది.

ఇక బిగింపు. మన దగ్గర టైల్ మీద గమ్ము పూసి నేరుగా అంటించేస్తామని చాలామంది అంటారు. ఆఫీసుకు అది సరే. ఇంటికి మాత్రం నేను వద్దనే చెప్తాను. కాలికి మెత్తదనం తెలియదు, రేపు పీకితే టైల్ మీద గమ్ము గట్టిగా పట్టేసి ఉంటుంది. అద్దె ఇల్లయితే ఆ ఆలోచనే పెట్టుకోకండి.

మేం గ్రిప్పర్ పట్టీలతో వేయించాం. ఈ మూల కొంచెం ఎత్తి చూపిస్తాను, దగ్గరగా చూడండి. సన్నటి ప్లైవుడ్ పట్టీ, దాని మీద వరసగా మేకుల మొనలు. అన్నీ గోడ వైపే వాలి ఉన్నాయి చూశారా? కార్పెట్‌ను లాగి వీటికి తగిలిస్తే వెనక్కి జారదు. పట్టీకీ గోడకీ మధ్య కార్పెట్ మందం కంటే కాస్త తక్కువ సందు వదిలారు, అంచును అందులోకి దోపేస్తారు. విట్రిఫైడ్ టైల్‌కు మేకు కొడితే పగిలే ప్రమాదం ఉంది. అందుకే పట్టీలను గట్టి గమ్ముతో అతికించి, రాత్రంతా ఆరనిచ్చారు.

పట్టీల లోపలి వైపు అండర్‌లే, అంటే కార్పెట్ కింద పరిచే మెత్తటి పొర. మందంగా ఉంటే మంచిదనుకుంటారు గానీ, 11 మిల్లీమీటర్లు దాటితే అడుగు వేసిన ప్రతిసారీ కార్పెట్ కుంగి, అతుకులూ అంచులూ దెబ్బతింటాయి. కార్పెట్‌ను లాగేటప్పుడు మోకాలితో తన్నే ‘నీ-కిక్కర్’ (knee kicker) అనే పనిముట్టు ఒక్కటీ చాలదు. ఈ గోడ నుంచి ఆ గోడకు కర్ర ఆన్చి లాగే పవర్ స్ట్రెచర్ ఉందా అని పని ఒప్పుకునే ముందే ఫిట్టర్ భాయ్‌ని అడగండి. అది లేకుండా వేస్తే కొన్నాళ్లకు మధ్యలో అలల్లా లేస్తుంది. తలుపు కింద ఎంత సందు ఉందో కూడా అప్పుడే చూసుకోండి, చాలాసార్లు తలుపు కోయించాల్సి వస్తుంది.

గదిలో మాట ప్రతిధ్వనించడం బాగా తగ్గింది. సినిమాలో డైలాగులు స్పష్టంగా వినిపిస్తున్నాయి. బేస్ మోత మాత్రం కార్పెట్‌తో ఆగదు, పక్క ఫ్లాట్ వాళ్లకు వినిపిస్తూనే ఉంటుంది.

హాలుకు, పూజగదికి, బాత్రూమ్ ఆనుకుని ఉన్న గదికి వద్దండీ. రోజూ తడిగుడ్డ పెట్టే ఇళ్లు మనవి. గ్రౌండ్ ఫ్లోర్ అయితే నేల మీద పాలిథిన్ షీటు పరిచి, చుట్టూ టేపు వేసి ఒక రోజు వదిలేయండి. కింద చెమ్మ కనిపిస్తే కార్పెట్ మాట మానుకోండి.

ఇక ఏ పోగుల కార్పెట్ కొనాలన్నది. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పోగులది చవక, నీటి మరకలు అంత తేలిగ్గా పట్టవు. కానీ నూనె మరక పట్టిందంటే వదలదు, పోగులూ త్వరగా అణిగిపోతాయి. బజ్జీలు తింటూ సినిమా చూసే ఇంటికి నైలాన్ మేలు. చాయ్ ఒలికితే రుద్దకండి. పొడి తెల్ల గుడ్డతో అంచు నుంచి మధ్యకు అద్దండి.

పని అయ్యాక మిగిలిన ముక్కలు మాత్రం వాళ్లతో పంపేయకండి. రేపు ఎక్కడైనా అగరుబత్తి నిప్పు పడి కాలితే, ఆ మేర కోసి అదే రోల్ ముక్క అతికించొచ్చు. వేరే రోల్ తెస్తే రంగు సరిగ్గా కలవదు.