పాత కారులో కూలెంట్: బాటిల్ చూస్తే సరిపోదు

[బానెట్ ఎత్తిన పాత కారు. రాత్రంతా సమతలమైన చోట నిలిపి ఉంచినది.]

నమస్కారం. కూలెంట్, అంటే ఇంజిన్ వేడిని రేడియేటర్‌కు మోసుకెళ్లి చల్లార్చే ద్రవం, చూడటమంటే బానెట్ ఎత్తి, పక్కనున్న ప్లాస్టిక్ బాటిల్‌లో మట్టం రెండు గీతల మధ్య ఉందో లేదో చూసి, బానెట్ దించేయడమేనని చాలామంది అనుకుంటారు. రేడియేటర్‌కు విడిగా మూత ఉన్న పాత కారుకు అది చాలదు. బాటిల్ నిండుగా కనిపిస్తూనే రేడియేటర్ సగం ఖాళీ అయిన కార్లను నేను ఒకటికి రెండుసార్లు చూశాను. అలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే ముందు ఆ మూత పనితీరు తెలుసుకోవాలి.

[మూత లోపలి వైపు, బాగా దగ్గరగా.]

ఈ మూతలో రెండు వాల్వులు ఉంటాయి. ఇంజిన్ వేడెక్కి కూలెంట్ వ్యాకోచించినప్పుడు, లోపలి పీడనం మూతపై ముద్రించిన అంకెను, అంటే చాలా కార్లలో 0.9 నుంచి 1.1 బార్‌ను దాటగానే, పెద్ద స్ప్రింగ్ కింద ఉన్న వాల్వు పైకి లేచి, మిగులు కూలెంట్‌ను సన్నని గొట్టం ద్వారా బాటిల్‌లోకి పంపుతుంది. ఇంజిన్ చల్లారినప్పుడు మధ్యలోని చిన్న బిళ్ల తెరుచుకుని, అలా వెళ్లిన కూలెంట్ మళ్లీ రేడియేటర్‌లోకి వచ్చేందుకు దారి ఇస్తుంది. మూత రబ్బరు గట్టిపడి పగిలినా, సన్నని గొట్టానికి చిల్లు పడినా, కూలెంట్‌కు బదులు గాలి లోపలికి వస్తుంది. బాటిల్‌లోని మట్టం కదలదు, రేడియేటర్‌లోని మట్టం మాత్రం రోజురోజుకూ తగ్గుతుంది.

మూత విలువ అంతటితో ఆగదు. ఇథిలీన్ గ్లైకాల్, నీరు సగం సగం కలిపిన కూలెంట్ మామూలు గాలి పీడనంలో సుమారు 107 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. మూత సుమారు 1 బార్ అదనపు పీడనాన్ని నిలిపి ఉంచితే అది 125 డిగ్రీలు దాటేదాకా మరగదు. స్ప్రింగ్ నీరసించిన మూతతో, రేడియేటర్ నిండా కూలెంట్ ఉన్నా ఇంజిన్ పొంగవచ్చు. కొత్త మూత కొనేటప్పుడు పాతదానిపై ఉన్న అంకెనే అడిగి తీసుకోండి.

[రేడియేటర్ పై గొట్టాన్ని చేత్తో నొక్కి చూపుతూ.]

వేడి ఇంజిన్‌పై ఈ మూతను ఎట్టి పరిస్థితిలోనూ తీయకండి. మూత తీయగానే పీడనం పడిపోయి, అప్పటిదాకా మరగని ద్రవం ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. పై గొట్టం చల్లగా, నొక్కితే మెత్తగా ఉండాలి. ఉదయం బండి తీయకముందే చూడటం అన్నిటికన్నా మంచిది. అప్పుడు కూడా మూతపై మందపాటి గుడ్డ వేసి, మొదటి ఆపు వరకు తిప్పి, బుస్సుమనే శబ్దం ఏదీ లేదని నిర్ధారించుకున్నాకే నొక్కి పూర్తిగా తిప్పండి.

కూలెంట్ రేడియేటర్ మెడ వరకు కనిపించాలి. వేలిని మెడ లోపలి అంచు వెంట ఒకసారి తిప్పి చూడండి. వేలికి ఇటుక రంగు మడ్డి అంటితే లోపల తుప్పు ఉన్నట్టే కాబట్టి, పైపైన నింపడం కాక మొత్తం ఖాళీ చేసి కడిగించాలి. మీగడలాంటి జిడ్డు అంటితే, లేదా ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్‌పై ఆయిల్ పాలు కలిసినట్టు కనిపిస్తే, హెడ్ గ్యాస్కెట్‌ను, అంటే ఇంజిన్ పైభాగమైన హెడ్ కింద ఉండే సీలును, అనుమానించి, మెకానిక్ చూసేదాకా కారు నడపకండి.

ఏ కూలెంట్ పోయాలో రంగు చూసి నిర్ణయించకండి. రంగుకు కంపెనీలన్నీ పాటించే ప్రమాణమేదీ లేదు. రాగి, ఇత్తడి రేడియేటర్లున్న పాత కార్లకు సాధారణంగా సిలికేట్లున్న సంప్రదాయ కూలెంట్‌ను సూచిస్తారు, దాన్ని సుమారు రెండేళ్లకోసారి మార్చాలి. ఆర్గానిక్ యాసిడ్ రకాన్ని దానితో కలిపితే తుప్పు నుంచి రక్షణ తగ్గుతుంది, కొన్నిసార్లు జిగురులా గడ్డకడుతుంది కూడా. కారు పుస్తకంలో ఉన్న రకమే మీకు ప్రమాణం. డబ్బాలో ఉన్నది కాన్సంట్రేట్, అంటే నీరు కలపని చిక్కని రకం, అయితే అంతే పరిమాణంలో డిస్టిల్డ్ వాటర్ కలపండి. కుళాయి నీటిలోని లవణాలు రేడియేటర్ లోపలి సన్నని గొట్టాలలో పెచ్చుకడతాయి. కాన్సంట్రేట్ ఎక్కువైతే ఇంకా మంచిదనుకోవడం పొరపాటు, ఎందుకంటే వేడిని మోసుకుపోవడంలో నీటిదే పైచేయి.

[గరాటుతో మెల్లగా పోస్తూ.]

మెడ వరకు నింపాక, హీటర్‌ను పూర్తి వేడిలో పెట్టి, మూత తీసి ఉంచే ఇంజిన్‌ను ఐడిల్‌లో నడపండి. ముఖం దూరంగా ఉంచండి. కొంతసేపు బుడగలు వస్తాయి. ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే వాల్వు, అంటే థర్మోస్టాట్, సాధారణంగా 82 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. అప్పుడు పై గొట్టం వేడెక్కి, మట్టం ఒక్కసారిగా కిందికి జారుతుంది. బుడగలు ఆగేదాకా కొద్దికొద్దిగా కలుపుతూ, చివరకు మూత బిగించి, బాటిల్‌ను పై గీత దాటకుండా నింపండి. గాలి తీసే స్క్రూ ఉన్న కారయితే, దాన్ని వదులు చేసి బుడగలు లేని ధార వచ్చాక బిగించాలి. అయితే దారిలో పొంగి ఖాళీ అయిన వేడి ఇంజిన్‌లో చల్లని నీళ్లు గుమ్మరిస్తే హెడ్ పగిలే ప్రమాదం ఉంది కాబట్టి, అది పూర్తిగా చల్లారేదాకా ఆగవలసిందే.

ఉష్ణోగ్రత ముల్లును కూడా పూర్తిగా నమ్మకండి. కూలెంట్ బాగా తగ్గిపోతే సెన్సర్ ద్రవంలో కాక ఆవిరిలో ఉండిపోయి, ఇంజిన్ కాలిపోతున్నా ముల్లు మామూలుగానే కనిపించవచ్చు. హీటర్‌కు వేడి అందేది కూలెంట్ నుంచే కాబట్టి, నడుస్తున్న కారులో హీటర్ నుంచి హఠాత్తుగా చల్లగాలి వస్తే వెంటనే పక్కకు ఆపండి.

ఒలికిన కూలెంట్‌ను ఆ క్షణమే పుష్కలంగా నీళ్లు పోసి తుడవండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు, పిల్లులు నాకుతాయి, కొద్దిపాటి మోతాదే వాటి ప్రాణం తీస్తుంది. పిల్లలకూ అంతే ప్రమాదం. డబ్బాను ఎత్తులో, బిగించి పెట్టండి.

[చిన్న నోటు పుస్తకంలో తేదీ, పోసిన పరిమాణం రాస్తూ.]

ఎంత పోశారో తేదీతో రాసి ఉంచి, మర్నాడు ఉదయం చల్లగా ఉన్నప్పుడు మళ్లీ మూత తీసి చూడండి. గాలి బయటికి పోయినందువల్ల మొదటిసారి కొంత తగ్గడం సహజమే. ఆ తరువాత కూడా తగ్గుతూ ఉంటే ఎక్కడో కారుతోందని అర్థం. గొట్టాల క్లిప్పుల దగ్గర ఎండిన తెల్లని పొలుసు, వాటర్ పంప్ అడుగున ఉన్న చిన్న రంధ్రం కింద తడి, ముందు సీటు కాళ్ల దగ్గర చెమ్మగిల్లిన కార్పెట్, ఈ మూడింటినీ ఆ వరుసలోనే వెతకండి.