మెదడు తీగలకు తొడుగు

శ్రోతలకు నమస్కారం. మెదడు అనగానే అందరికీ న్యూరాన్లే, అంటే సంకేతాలు మోసే నాడీకణాలే గుర్తొస్తాయి. వాటిని అంటిపెట్టుకుని ఉండే గ్లియా కణాలకు 1856లో జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో ఆ పేరు పెట్టాడు. గ్లియా అంటే జిగురు. ఆ పేరు వాటికి అన్యాయమే చేసిందని నా అభిప్రాయం.

గ్లియాలో చాలా రకాలున్నాయి. ఈ పూటకు ఒక్కటి చాలు, ఆలిగోడెండ్రోసైటు. న్యూరాను తోక తీగలా సాగుతుంది. కరెంటు తీగకు తొడుగున్నట్టు, ఈ కణం ఆ తోకకు కొవ్వు పొరలు చుడుతుంది. అదే మైలిన్. తొడుగు లేని సన్న తీగలో సంకేతం సెకనుకు మీటరు నడవడమే గొప్ప. మంచి తొడుగున్న లావు తీగలో వంద మీటర్లు పరుగెడుతుంది.

పెద్దయ్యాక కొత్త పని నేర్చుకునేటప్పుడు కూడా కొత్త మైలిన్ పడుతుంది. కానీ పుట్టిన మొదటి రెండేళ్లలో పడినంత వేగంగా మళ్లీ పడదు.

ఈ తొడుగు వేయడానికి ఇనుము కావాలి. అది చాలకపోతే?

చిలీ దేశంలో ఆరు నెలల పసిపిల్లల్ని పరీక్షించారు. 29 మందికి ఇనుము లోపంతో రక్తహీనత, 26 మందికి లేదు. నిద్రపోతున్న బిడ్డ చెవిలో టిక్కు టిక్కుమని చప్పుడు వినిపించి, ఆ కబురు చెవి నరం నుంచి మెదడు అడుగున ఉండే మెదడు కాండంలో పైకి ఎంతసేపట్లో చేరిందో తలకు అంటించిన ఎలక్ట్రోడ్లతో కొలిచారు. రక్తహీనత ఉన్నవారిలో ఆలస్యమైంది. మైలిన్ సరిగా పడలేదని పరిశోధకులు భావించారు. ఇనుము మందు ఇచ్చారు, రక్తం బాగుపడింది. ఏడాది వయసులో కొలిచారు, ఏడాదిన్నరకు మళ్లీ కొలిచారు. తేడా తగ్గలేదు సరికదా, ఇంకా స్పష్టమైంది. 1998లో వెలువడిన ఫలితమిది. రక్తం కోలుకుంది, వేగం కోలుకోలేదు.

అందుకే ముందే ఇవ్వాలి. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ దాచుకున్న ఇనుము ఆరో నెలకల్లా అడుగంటుతుంది. మన ప్రభుత్వ పథకంలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లలకు ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 1 మిల్లీలీటరు. అందులో 20 మిల్లీగ్రాముల ఇనుముంటుంది. అన్నం తిన్నాక వేయండి. పాలలో కలపకండి, పాలలోని కాల్షియం ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. విరేచనం నల్లగా వస్తే భయపడి మానేయకండి, అది ఇనుము రంగే. జ్వరం ఉంటే తగ్గాక మొదలుపెట్టండి. తలసేమియా అనే పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు ఉన్న పిల్లలకు డాక్టరు చెప్పకుండా వేయొద్దు. సీసా మాత్రం పిల్లల చేతికి అందని చోట పెట్టండి, ఒకేసారి ఎక్కువ తాగితే ప్రాణానికే ప్రమాదం.