బిడ్డ ఏం తిన్నాడో మాకు చెప్పండి

అందరికీ నమస్కారం. నేను ఎమర్జెన్సీ విభాగంలో పనిచేసే డాక్టర్ని. గంజాయి మంచిదా, చెడ్డదా అన్న చర్చ ఇవాళ పెట్టుకోను. అది ఒంట్లోకి వెళ్లాక మా దగ్గరికి వచ్చేవాళ్ల గురించే మాట్లాడతాను.

పొగ పీలిస్తే మత్తు నిమిషాల్లో తెలిసిపోతుంది. గంజాయి కలిపిన తినుబండారం తింటే అలా కాదు. అరగంట నుంచి రెండు గంటల దాకా ఏమీ అనిపించకపోవచ్చు. ఆలోగా కాలేయం టీహెచ్‌సీని, అంటే గంజాయిలో మత్తు కలిగించే రసాయనాన్ని, మరింత మత్తిచ్చే పదార్థంగా మారుస్తూ ఉంటుంది. పెద్దవాళ్లు "ఎక్కలేదే" అని ఇంకొకటి తింటారు. కాసేపటికి రెండూ కలిసి ఎక్కుతాయి. గుండె దడ, వాంతులు, ప్రాణం పోతుందేమోనన్న భయం. వృద్ధులు తూలిపడి, మాట తడబడితే పక్షవాతం అనుకుని తీసుకొస్తారు.

పిల్లల సంగతి ఇంకా కష్టం. చాక్లెట్‌లా, గమ్మీలా (జెల్లీ మిఠాయిలా) కనిపించేదాన్ని పసివాడు ఒకటి తిని ఆగడు. పెద్దవాళ్లకు ఒక మోతాదుగా అమ్మే గమ్మీలో సాధారణంగా 5 నుంచి 10 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ ఉంటుంది. పన్నెండు కిలోల బిడ్డ నాలుగైదు తింటే ఎంతవుతుందో ఆలోచించండి. అమెరికాలో ఆరేళ్లలోపు పిల్లలు ఇలాంటివి తిన్నారని పాయిజన్ సెంటర్లకు 2017లో 207 కేసులు వచ్చాయి. 2021లో 3,054. దాదాపు అన్నీ ఇళ్లలో జరిగినవే.

మొదట బిడ్డ తూలుతూ నడుస్తాడు. ఆపైన నిద్రమత్తు. ఆడి అలసిపోయాడనుకుంటారు. ఎంత లేపినా లేవడు, ఒళ్లు వేలాడిపోతుంది. కొందరికి ఫిట్స్ వస్తాయి, కొందరికి ఊపిరి మందగిస్తుంది. అప్పుడు పరుగున వస్తారు.

అసలు విషయం మాకు తెలియకపోతే తలకు దెబ్బేమో, మెదడువాపేమో అని వెతుకుతాం. సీటీ స్కాన్ తీస్తాం, వెన్నులోంచి నీరు తీస్తాం. ఒక్క మాట ముందే అందితే చాలావరకు ఆ బిడ్డకు ఆ సూది గుచ్చే పని ఉండదు. దీనికి విరుగుడు మందు లేదు. ఊపిరి, గుండె, షుగర్ కనిపెట్టుకుంటూ, అవసరమైతే సెలైన్ పెట్టి, మత్తు దిగేదాకా చూసుకుంటాం. ఎక్కువమంది ఒకటి రెండు రోజుల్లో కోలుకుంటారు. ఇంట్లో మాత్రం వాంతి చేయించకండి. మత్తులో ఉన్న బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఆ ప్యాకెట్ పట్టుకుని రండి.

ఏళ్ల తరబడి గంజాయి వాడేవాళ్లలో కొందరికి విడవకుండా వాంతులవుతాయి, వేడినీళ్ల స్నానం చేస్తే కాస్త తగ్గుతాయి. వాళ్లూ చెప్పరు. ఎండోస్కోపీల మీద ఎండోస్కోపీలు చేయించుకుంటూ తిరుగుతారు. మానేస్తే తగ్గే జబ్బు అది.

నోరు విప్పడానికి భయం, సిగ్గు ఉంటాయని నాకు తెలుసు. అందుకే మత్తుగా వచ్చిన ప్రతి బిడ్డ తల్లిదండ్రులనూ, వాళ్లెవరైనా సరే, ఒకే ప్రశ్న అడుగుతాను: "ఈ రోజు బిడ్డ తిరిగిన ఇళ్లలో గంజాయి కలిపిన తినుబండారం ఏదైనా చేతికందేలా ఉందా?"