ఆటల సంగీతాన్ని ఎంపీ3లోకి మారిస్తే ఏం పోతుంది?

అందరికీ నమస్కారం.

ఆటల సంగీతం దాచుకునేవాళ్ళు నన్ను తరచుగా అడిగే మాట ఒకటుంది. "ఆటలో వింటే బాగుంది. ఫైలు బయటికి తీసి ఎంపీ3 చేశాక తాళాల మోత మసకబారింది. సెకనుకు 320 కిలోబిట్లు పెట్టాను కదా, ఎందుకిలా?" ఆ ఫైలు మీ చేతికి రాకముందే, చోటు కోసం కుదించినప్పుడు ఒకసారి నలిగింది. మీరు రెండోసారి నలిపారు. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఆ రెండో నలుగుడు గురించే.

ముందు మొదటిది చూద్దాం. సీడీ నాణ్యత అంటే సెకనుకు 44,100 నమూనాలు (ధ్వని అలను ఒక్కో క్షణంలో కొలిచిన విలువలు), ఒక్కోటి 16 బిట్లు, రెండు ఛానెళ్ళు. సెకనుకు 1,411 కిలోబిట్లు. సూపర్ నింటెండో అనే పాత ఆటల యంత్రంలో ధ్వనికి కేటాయించిన మెమరీ మొత్తం 64 కిలోబైట్లు. సీడీ నాణ్యతలో దాచితే అందులో అర సెకను కూడా పట్టదు. అందుకని 32 బైట్లు కావలసిన 16 నమూనాలను 9 బైట్లలో సర్దారు. మొదటి ప్లేస్టేషన్ 28 నమూనాలను 16 బైట్లలో పెట్టింది. ఇదంతా ఏడీపీసీఎం అనే కుదింపు పద్ధతుల కుటుంబం. తర్వాతి నమూనా ఎంత ఉంటుందో ముందే ఊహించి, ఊహకూ అసలుకూ ఉన్న తేడాను మాత్రం నాలుగు బిట్లలో రాసుకుంటుంది. అల మెల్లగా మారితే ఊహ సరిపోతుంది. తాళాల మోతలాంటి చోట తప్పుతుంది, సన్నని బుస వినిపిస్తుంది. తర్వాత వచ్చిన ఓగ్ వోర్బిస్ అనే కుదింపు పద్ధతి దారి వేరు. పెద్ద శబ్దం పక్కన చెవి పట్టుకోలేని చిన్న శబ్దాలను వదిలేస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే. వోర్బిస్ తను చేసిన తప్పులను చెవికి అందే గీతకు కాస్త కిందుగా దాచిపెడుతుంది. ఆ ధ్వనిని ఎంపీ3 ఎన్‌కోడర్‌కు, అంటే ధ్వనిని ఎంపీ3గా కుదించే ప్రోగ్రాముకు ఇస్తే, ఏది పాటో ఏది పాత తప్పో దానికి తెలియదు. ఆ తప్పుల మీద కూడా బిట్లు ఖర్చుపెడుతుంది, పైన తన తప్పులూ కలుపుతుంది. రెండింటి మొత్తం ఆ గీత దాటిన చోట మనకు వినపడుతుంది. ఏడీపీసీఎం బుస ఇంకా కష్టం. ఎందుకంటే ఎన్‌కోడర్లకు బుస చాలా భారం. 320 పెడితే నష్టం తగ్గుతుంది, అంతే. పోయినది తిరిగి రాదు.

కాబట్టి మళ్ళీ ఎన్‌కోడ్ చేయకండి. వైజ్ (Wwise) అనే ధ్వని ఇంజిన్ వాడే ఆటల్లో వెమ్ (.wem) ఫైళ్ళుంటాయి. వాటిలో చాలావాటి లోపల ఉండేది వోర్బిసే, చోటు కోసం హెడర్లు, అంటే ఫైలును ఎలా విప్పాలో చెప్పే ముందుభాగాలు తీసేసి ఉంటారు. వాటిని తిరిగి అతికించే ఉపకరణాలున్నాయి. అవి ధ్వనిని ముట్టుకోవు, పైతొడుగు మారుస్తాయి. అలా కుదరనప్పుడు ఆటల ధ్వని ఫైళ్ళను విప్పే వీజీఎంస్ట్రీమ్ అనే ఉపకరణంతో, కుదింపు లేని వేవ్‌గా విప్పి, ఏమీ పోగొట్టకుండా కుదించే ఫ్లాక్‌లో దాచండి. ఫైలు అసలుకన్నా పెద్దదవుతుంది. నాణ్యత పెరిగిందని కాదు, విప్పినది విప్పినట్టే నిలిచిందని. ఒక జాగ్రత్త: వోర్బిస్ విప్పినప్పుడు శిఖరాలు గరిష్ఠ స్థాయి దాటవచ్చు. నేరుగా 16 బిట్లలో రాస్తే అవి తెగిపోతాయి. గరిష్ఠ స్థాయి దాటిన విలువలనూ పట్టుకోగల ఫ్లోట్ రూపంలో విప్పి, స్థాయి కొంచెం తగ్గించి, ఆ తర్వాతే 16 బిట్లకు దించండి.

నమూనాల రేటు ఉన్నదున్నట్టు ఉంచండి. 22,050 దగ్గర దాచినదాంట్లో 11 కిలోహెర్ట్జ్ పైన ఏమీ ఉండదు. 48,000కు పెంచినా ఆ ఖాళీ ఖాళీగానే ఉంటుంది.

సూపర్ నింటెండో విషయంలో ఇంకో మాట. ఆ యంత్రం నమూనాలను వాయించేటప్పుడు అంచులను మెత్తబరుస్తుంది. నమూనాలను నేరుగా బయటికి తీస్తే పదునుగా వినిపిస్తాయి, కానీ ఆడినవాళ్ళు విన్నది అది కాదు. అందుకే ఆ 64 కిలోబైట్ల మెమరీ స్థితిని పట్టుకునే ఎస్‌పీసీ ఫైలు అంటే నాకు చాలా ఇష్టం. అందులో వాద్యాలూ, వాటిని వాయించే ప్రోగ్రామూ రెండూ ఉంటాయి.

ఇక లూపు, అంటే పాట చివరినుంచి మళ్ళీ వెనక్కి వెళ్ళి ఆగకుండా తిరగడం. ఆట సంగీతానికి ప్రాణం అదే. ఎంపీ3 1,152 నమూనాల ఫ్రేములుగా నడుస్తుంది. మొదట్లో కొంత నిశ్శబ్దం, చివర కొంత అతుకు చేరతాయి. ఒకప్పుడు నేను ఒక ఆట సంగీతమంతా ఎంపీ3 చేసి అసలు ఫైళ్ళు చెరిపేశాను. పాట చుట్టు తిరిగిన ప్రతిసారీ ఒక తడబాటు. ఆ ఫైళ్ళు నాకు మళ్ళీ దొరకలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. రేటు మార్చక తప్పకపోతే లూపు స్థానాన్నీ మార్చాలి. 32,000 రేటులో 3,20,000వ నమూనా దగ్గరున్న లూపు, 44,100 రేటులో 4,41,000వ నమూనాకు జరుగుతుంది.

మీ చెవిని నమ్మలేకపోతే ఒక పరీక్ష ఉంది. ఆట నుంచి విప్పిన వేవ్‌నూ మీ ఎంపీ3నూ ఆడాసిటీ అనే ధ్వని ఎడిటర్‌లో ఒకదాని కింద ఒకటి పెట్టండి. మొదళ్ళు నమూనాకు నమూనా కలిసేలా జరపండి. ఒకదాన్ని తలకిందులు చేసి రెండూ కలపండి. రెండూ ఒకటే అయితే నిశ్శబ్దమే. కాకపోతే మిగిలే చప్పుడే మార్పిడిలో వచ్చిన తేడా. అలాంటి ఒకటి తెచ్చాను. 128 కిలోబిట్ల ఎంపీ3 నుంచి మిగిలినది. ఇప్పుడు వినిపిస్తాను, తాళాలు ఎక్కడున్నాయో గమనించండి.