నేను లేకుండా రాజీకి కూర్చోవద్దు: బార్క్‌లీ వంశం భూమి తగాదా

అందరికీ నమస్కారం. ముందు ఒక ఉత్తరం గురించి చెప్పి అసలు సంగతిలోకి వస్తాను. 1440ల్లో లండన్ నుంచి ఒక భార్య తన భర్తకి రాసింది. ఊళ్లో కోట కాపాడుకుంటూ భర్త, రాజధానిలో కోర్టుల చుట్టూ తిరుగుతూ భార్య. మన మాటల్లో చెప్పుకుంటే ఆ ఉత్తరంలో ఉన్నది ఇది: ష్రూస్‌బరీ ఎర్ల్ నీకు దగ్గర్లోనే మకాం వేశాడు, ఎదురుపడి ఏమీ చెయ్యడు, నీ చుట్టూ మనుషులు పలచబడ్డ రోజు చూసి మీద పడతాడు, జాగ్రత్త. ఇక్కడ మన పని బాగానే సాగుతోంది, డబ్బు మాత్రం పంపించు, లేదంటే గుర్రాన్ని తాకట్టు పెట్టి కాలినడకన ఇంటికి రావాల్సి వస్తుంది. నేను వచ్చేదాకా అన్నీ భద్రంగా చూసుకో, నేను లేకుండా రాజీకి కూర్చోవద్దు.

ఆవిడ పేరు ఇసబెల్. నార్‌ఫోక్ మొదటి డ్యూక్ థామస్ మౌబ్రే కూతురు. డ్యూక్, ఎర్ల్ అనేవి ఇంగ్లండ్ ప్రభువుల బిరుదులు, డ్యూక్ అందరికన్నా పైన. డ్యూక్ కూతురు గుర్రం తాకట్టు పెట్టే స్థితికి ఎలా వచ్చింది? ఈ సాయంత్రం నేను చెప్పేదంతా ఆ ప్రశ్నకి జవాబే.

ఇంగ్లండ్ పడమటి వైపు గ్లాస్టర్‌షైర్‌లో, సెవర్న్ నది పల్లపు భూముల్లో బార్క్‌లీ కోట ఉంది. రాసేటప్పుడు బెర్క్‌లీ అని రాస్తారు, పలికేది బార్క్‌లీ అని. 1327లో పదవి పోగొట్టుకున్న రెండో ఎడ్వర్డ్ రాజుని బంధించింది ఇక్కడే, ఆయన ప్రాణం పోయిందీ ఇక్కడే అంటారు. ఆ కోట, దాని చుట్టూ ఊళ్లు, పచ్చికబయళ్లు, అడవి, ఊరూరా రైతులు కట్టే శిస్తు అన్నీ ఈ వంశానివి.

1349లో, అంటే ప్లేగు ఇంగ్లండుని ఊడ్చేస్తున్న ఏడాది, మూడో థామస్ లార్డ్ బార్క్‌లీ ఒక ఏర్పాటు చేశాడు. కోట, దానితోపాటు కొన్ని ఊళ్లు ఇకమీదట మగసంతానానికే దక్కాలని కాగితం రాయించాడు. కోట పేరు మారకూడదని ఆయన ఉద్దేశం అయ్యుంటుంది, తప్పు పట్టలేం. అయితే ఆస్తి మొత్తానికి కాకుండా కొంత భాగానికే ఈ షరతు పెట్టడంతో, ఏ ఊరు ఏ లెక్కలోకి వస్తుందో తేల్చే బరువంతా ఆ దస్తావేజుల మీద పడింది. ఆ దస్తావేజులు చేతిలో ఉన్నవాడిదే పైచేయి.

ఆయన మనవడు, ఆయన పేరే ఉన్న థామస్, 1417 జులైలో చనిపోయాడు. దగ్గర్లోని వుటన్ అనే ఊరి చర్చిలో ఆయన సమాధి మీద ఇత్తడిలో చెక్కిన ఆయన బొమ్మ, భార్య మార్గరెట్ బొమ్మ పక్కపక్కనే ఉంటాయి, మెడలో జలకన్యల హారం కూడా గుర్తుపట్టేంత స్పష్టంగా కనిపిస్తుంది. ఆయనకి కొడుకులు లేరు. ఉన్నది ఒక్క కూతురు, ఎలిజబెత్. ఆమె భర్త వారిక్ ఎర్ల్ రిచర్డ్ బోషాం, ఐదో హెన్రీ రాజుకి బాగా దగ్గరివాడు. 1349 కాగితం ప్రకారం కోట వెళ్లాల్సింది తమ్ముడి కొడుకు జేమ్స్‌కి, మన ఇసబెల్ భర్త ఇతనే. కానీ కూతురూ అల్లుడూ కోటలో దిగిపోయారు. పెట్టెల్లో ఉన్న దస్తావేజులు కూడా వాళ్ల చేతికే చిక్కాయి. హక్కు ఒకరిది, స్వాధీనం ఇంకొకరిది. భూమి తగాదా చూసినవాళ్లెవరికీ దీని అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు. మా ఇంట్లో ఒక వాటా గొడవ నడిచిన రోజుల్లో మా నాయనమ్మ కాగితాల మూట తల కింద పెట్టుకుని పడుకునేది. చిన్నప్పుడు అదేంటో నాకు అర్థం కాలేదు, ఎలిజబెత్ గురించి చదివాక అర్థమైంది.

ఎలిజబెత్‌ని దుర్మార్గురాలిగా చూడ్డం నాకిష్టం లేదు. తను పుట్టిన ఇల్లు, తన తండ్రి ఆస్తి, మగపిల్లవాడివి కాదు కాబట్టి బయటికి నడువు అంటే ఏ కూతురికైనా కడుపు మండుతుంది. అటు జేమ్స్ దగ్గర కాగితం బలం ఉంది, మనుషుల బలం లేదు. అందుకని రాజు తమ్ముడు గ్లాస్టర్ డ్యూక్ హంఫ్రీని ఆశ్రయించాడు, ఊరికే కాదు, డబ్బు ఇస్తానని మాటిచ్చి. న్యాయం దొరకాలంటే ముందు ఒక పెద్దమనిషి దొరకాలి, ఆ కాలపు ఇంగ్లండులో వ్యవహారం అలా ఉండేది. 1421కల్లా జేమ్స్‌కి ప్రభువుగా పార్లమెంటు పిలుపు వచ్చింది, కోటా వచ్చింది. 1422లో ఎలిజబెత్ పోయింది. 1420ల మధ్యలో ఒక రాజీ కుదిరింది, వుటన్, సైమండ్స్ హాల్, కోలీ లాంటి ఊళ్లు బతికున్నంతకాలం వారిక్‌కి, కోటా మిగతావి జేమ్స్‌కి. అది వారిక్ బతికున్నంతవరకే నిలిచింది. 1439లో ఆయన పోయాడు, గొడవ మళ్లీ మొదటికొచ్చింది.

ఇప్పుడు రంగంలోకి వచ్చింది ఎలిజబెత్ పెద్ద కూతురు మార్గరెట్. ఈమె భర్తే ఇసబెల్ ఉత్తరంలోని ష్రూస్‌బరీ ఎర్ల్, జాన్ టాల్‌బట్, ఫ్రాన్సు యుద్ధాల్లో పేరు మోసిన సేనాని. మార్గరెట్‌కి ఇద్దరు చెల్లెళ్లున్నారు, వాళ్లకీ వాటాలున్నాయి, కానీ పట్టు పట్టింది ఈమే. మిగతావాళ్లందరూ కలిసినా ఆమె పట్టుదలలో సగానికి రారు.

ఒకసారి మార్గరెట్ తరఫు మనిషి డేవిడ్ వుడ్‌బర్న్ కోర్టు సమన్లు పట్టుకుని జేమ్స్ దగ్గరికి వెళ్లాడు. జేమ్స్ అతన్ని కొట్టించి, వినకపోతే వదలనని ఆ సమన్లనే అతని చేత తినిపించాడు. తోలు కాగితం, దానికి అంటించిన మైనం ముద్ర, రెండూ. ఆ కాలపు కాగితం మన కాగితం లాంటిది కాదు, జంతువు చర్మం, నమిలితే నలగదు. వుడ్‌బర్న్ జీతానికి పనిచేసే మనిషి, అతనికి ఆ భూమిలో సెంటు కూడా రాదు. గొప్పవాళ్ల గొడవలో ముందుగా దెబ్బలు తినేది ఇలాంటివాళ్లే. పొలం దున్నే రైతు సంగతీ అంతే, ఈ ఏడాది శిస్తు కోటకి కట్టాలా, వుటన్‌కి కట్టాలా అన్న టెన్షన్ ప్రతి కోతకీ ఉండి తీరుతుంది, రెండువైపులా మనుషులు ఆయుధాలతో తిరుగుతుంటే.

1451లో ఇసబెల్ భయపడ్డదే జరిగింది. మార్గరెట్ కొడుకు లైల్ ప్రభువు, కోటలోని ఒక నౌకరుని లోబరుచుకుని తలుపు తీయించాడు. జేమ్స్, ఆయన నలుగురు కొడుకులు పక్కల మీదే దొరికిపోయారు. వాళ్లని వారాల తరబడి బంధించి, మెడ మీద కత్తి పెట్టినట్టు పెట్టి, ఊళ్లు రాసిచ్చేలా సంతకాలు పెట్టించుకున్నారు. నేను లేకుండా రాజీకి కూర్చోవద్దు అంది కదా, ఆ రాజీ అలా జరిగింది.

ఇసబెల్ ఊరుకోలేదు. చర్చిలో పూజకి వాడే బంగారు పూత పుస్తకం, గిన్నెలు కూడా తాకట్టుకి పోయినా మళ్లీ ఫిర్యాదు చెయ్యడానికి 1452లో గ్లాస్టర్‌కి వెళ్లింది. మార్గరెట్ ఆమెని అక్కడే పట్టించి గ్లాస్టర్ కోటలో పెట్టించింది. ఆ సెప్టెంబరులో ఇసబెల్ అక్కడే చనిపోయింది. ఈ వాక్యం దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. భర్త గడప దాటలేని రోజుల్లో రాజధానిలో ఒంటరిగా కేసు నడిపిన మనిషి, ఎదుటివాళ్ల ఎత్తుగడ నెలలు కాదు, ఏళ్ల ముందే కనిపెట్టిన మనిషి, చివరికి న్యాయం అడగడానికి వెళ్లిన ఊళ్లోనే ఖైదులో పోయింది. ఆమెని అక్కడ పెట్టించింది కూడా ఇంకో ఆడమనిషి, తన తల్లి హక్కు కోసం పోరాడుతున్న మనిషి. ఈ ఇద్దరిలో ఎవరిది న్యాయం అని నన్నడిగితే, కోట విషయంలో ఇసబెల్‌ వైపు చెబుతాను, కాగితం స్పష్టంగా ఉంది. మిగతా ఊళ్లలో మార్గరెట్‌ది పూర్తిగా కాని వాదన అనలేను. కానీ ఆమె ఇసబెల్‌కి చేసినదాన్ని సమర్థించలేను.

మరుసటి ఏడాది, 1453 జులైలో, ఫ్రాన్సులో కాస్టియాన్ దగ్గర ష్రూస్‌బరీ ఎర్ల్, కొడుకు లైల్ ఒకే రోజు యుద్ధంలో పోయారు. 1457లో జేమ్స్ పెళ్లి చేసుకున్నది ఆ ష్రూస్‌బరీ కూతురినే. శత్రువింటి పిల్లని తెచ్చుకుంటే పోరు ఆగుతుందనుకున్నారేమో, కాస్త చల్లబడింది కూడా. 1463లో జేమ్స్ పోయాడు, 1467లో మార్గరెట్ పోయింది. మిగిలింది ఇసబెల్ కొడుకు విలియం, మార్గరెట్ మనవడు థామస్ టాల్‌బట్, అంటే కొత్త లైల్. కొత్తవాడికి ఇరవై ఏళ్లు అటూఇటూ.

ఈ కుర్రవాడు తండ్రి బాటే పట్టాడు. 1470 మార్చిలో కోట ద్వారపాలకుడు మారిస్ కింగ్‌కి లంచం ఆశ చూపించాడు. కింగ్ ఆ సంగతి తిన్నగా విలియంకి చెప్పేశాడు. గుట్టు బయటపడేసరికి లైల్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది, మార్చి 19న ఉత్తరం రాశాడు: నా వుటన్ ఇంటిని నా నెత్తిమీద కూల్చడానికి ఫిరంగి బళ్లతో బయల్దేరావట, ఇంకా రాలేదేం? విలియం జవాబు ఇంకా ఘాటుగా ఉంది, నీ బిరుదే పరాయి దేశం నుంచి తెచ్చుకున్న కొత్త వస్తువు, రేపు ఉదయం ఎనిమిది తొమ్మిదింటికి నిబ్లీ గ్రీన్ అనే మైదానానికి రా అని. రాజు నాలుగో ఎడ్వర్డ్ అప్పుడు లింకన్‌షైర్ తిరుగుబాటు అణిచే పనిలో ఉన్నాడు. అడ్డుకునేవాడు లేడు.

మార్చి 20న తెల్లారింది. విలియం వైపు వెయ్యి మంది, బ్రిస్టల్ నుంచి వచ్చినవాళ్లు, డీన్ అడవిలో గనుల్లో పనిచేసేవాళ్లు, విలుకాళ్లు. లైల్ వైపు మూడొందల మంది అంటారు, రాత్రికి రాత్రి పోగేసిన ఊరి జనం. గుట్ట మీది నుంచి దిగుతుండగా లైల్ ముఖం మీది కవచం పైకెత్తి ఉంది. బ్లాక్ విల్ అనే విలుకాడి బాణం ఎడమ కణతలో దిగింది, కింద పడ్డవాడిని బాకుతో పొడిచేశారు. అంతటితో ఆగలేదు, విలియం మనుషులు వుటన్ ఇంటిమీద పడి దోచుకున్నారు. లోపల నిండు గర్భిణి అయిన లైల్ భార్య ఉంది. కొన్ని రోజులకే ఆమె బిడ్డని పోగొట్టుకుంది, లైల్‌కి వారసుడన్నవాడే లేకుండా పోయాడు. సుమారు 150 మంది చచ్చిపోయారని లెక్క. ఇంగ్లండు నేలమీద ఇద్దరు ప్రభువులు సొంత సైన్యాలతో కొట్టుకున్న చివరి యుద్ధం ఇదేనని చరిత్రకారులు చెబుతారు.

పదిహేడో శతాబ్దం మొదట్లో జాన్ స్మిత్ అని ఆ వంశం దివాను ఒకాయన ఉండేవాడు, ఉండడం కూడా నిబ్లీలోనే. ఊళ్లో ముసలివాళ్ల దగ్గర కూర్చుని, వాళ్ల పెద్దవాళ్లు పిల్లలప్పుడు చెట్లెక్కి చూసిన ఆ పోరాటం కథల్ని రాసిపెట్టాడు. ఈ రోజు మనం ఇంత వివరంగా చెప్పుకోగలుగుతున్నామంటే చాలావరకు ఆయన చలవే.

ఇంత చేసిన విలియం ఏం చేశాడో వినండి. 1487లో కోటనీ భూముల్నీ తన తర్వాత ఏడో హెన్రీ రాజుకి, ఆయన మగసంతానానికి చెందేలా రాసిచ్చేశాడు. 1489లో రాజు అతన్ని మార్క్వెస్‌ని, అంటే డ్యూక్ తర్వాతి ప్రభువుని చేశాడు. సొంత తమ్ముడు మారిస్‌కి ఏమీ మిగల్చలేదు. నిబ్లీ గ్రీన్‌లో అన్న పక్కన నిలబడ్డ తమ్ముడు. అతను బ్రిస్టల్ వర్తకుడు ఫిలిప్ మీడ్ కూతురిని చేసుకున్నాడని, అది వంశానికి తగని సంబంధమని విలియంకి కోపం అంటారు. ఆ మీడ్ బ్రిస్టల్‌లో మనుషుల్ని కూడగట్టి యుద్ధానికి పంపినవాడే. తల్లి ఖైదులో ప్రాణం పోగొట్టుకున్నది ఈ కోట కోసం, కొడుకు దాన్ని బిరుదు కోసం ఇచ్చేశాడు. విలియంని నేను క్షమించలేను. మారిస్ మటుకు వీధికెక్కి ఏడవలేదు, జీవితాంతం కోర్టుల్లో తిరిగి ఒక్కో ఊరే వెనక్కి తెచ్చుకున్నాడు, ఆ ఓపిక అచ్చంగా ఇసబెల్‌దే.

1553లో ఆరో ఎడ్వర్డ్ చనిపోవడంతో ఏడో హెన్రీ మగసంతానం అంతమైంది, షరతు ప్రకారం కోట తిరిగి బార్క్‌లీలకి వచ్చింది. లైల్ వైపు హక్కుదారులు మాత్రం వదల్లేదు, మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో ఆమెకి ఇష్టుడైన లెస్టర్ ఎర్ల్, అతని అన్న కలిసి పాత కేసుని మళ్లీ తవ్వారు. చివరికి అన్నీ కొలిక్కి వచ్చింది 1609లో. వారిక్ భార్య ఎలిజబెత్ కోటలో దిగిన రోజు నుంచి లెక్కేస్తే 192 ఏళ్లు. బార్క్‌లీ వంశం ఇవాళ్టికీ ఆ కోటలోనే ఉంటోంది, ఆ దస్తావేజులూ అక్కడే ఉన్నాయి.

ఇసబెల్ ఉత్తరానికి నేను చేసుకున్న తెలుగు, పాత ఇంగ్లీషు పాఠంతో కలిపి కొన్ని ప్రతులు తెచ్చాను, తలుపు పక్కన బల్ల మీద ఉన్నాయి. ఇంటికెళ్లాక ఒకసారి పైకి చదవండి. గుర్రం మాట వచ్చేచోట తొందరపడకండి.