పాత బండి అమ్మి ఆకాశంలోంచి దూకాలంటే

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లో మూలన పడి ఉన్న పాత మోటారు సైకిలు అమ్మేసి, ఆ పైసలతో స్కైడైవింగ్ నేర్చుకోవాలనుకునే వాళ్ల కోసం ఈ ప్రసంగం. విమానంలోంచి దూకి, పారాచూట్ విప్పుకుని నేలకు దిగే విద్య అది. ఈ మాట ఇంట్లో చెబితే మన వైపు మొదట వినపడే జవాబు, "నీకేమన్న పిచ్చి లేసిందా?" అని. పిచ్చేమీ లేదు. ఒక క్రమంలో నేర్పే విద్యే. అయితే బండి చేతులు మారే చోట, ఫీజు కట్టే చోట ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి.

ముందు లెక్క. పదేళ్లు తిరిగిన 100 సీసీ బండి నడిచే స్థితిలో ఉంటే, సుమారుగా ఇరవై నుంచి ముప్పై అయిదు వేల దాకా పలుకుతుంది. శిక్షకుడి ఒంటికి కట్టుకుని దూకే టాండెమ్ జంప్ ఒక్కదానికి మన దేశంలో ఇంచుమించు అంత సొమ్మే అవుతుంది. ఒంటరిగా దూకడం నేర్పే పూర్తి కోర్సు లక్షల్లో మాట. అంటే పాత బండి మొదటి మెట్టు ఎక్కిస్తుంది, అంతే. ఈ సంగతి ముందే తెలిస్తే మధ్యలో అప్పుకోసం పరుగెత్తే పని ఉండదు.

ఇక అమ్మకం. ఆర్సీలో పేరు మారిన రోజునే బండి అమ్ముడుపోయినట్టు లెక్క. పైసలు చేతిలో పడ్డ రోజు సగం పనే అయినట్టు. కొనే మనిషి మామూలుగా అనే మాట ఒకటుంది: "అన్నా, సంతకాలు పెట్టియ్యి, పేరు తర్వాత మార్పిచ్చుకుంట." మొహమాటానికి ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి తాళంచెవి ఇచ్చేస్తారు. ఆ బండి ఇంకో ఇద్దరి చేతులు మారుతుంది. హెల్మెట్ లేని చలాన్లు పాత యజమాని ఫోనుకే వస్తుంటాయి. అది చిన్న బాధ. ఇన్సూరెన్స్ అయిపోయిన ఆ బండి ఎవరినైనా గుద్దితే, నష్టపరిహారం రికార్డులో పేరున్న మనిషి మెడకు చుట్టుకుంటుంది. పేరు మార్పు నమోదు కానంత కాలం రికార్డులో ఉన్న వ్యక్తే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఎప్పుడో అమ్మేశాను, స్టాంపు కాగితం కూడా ఉంది అంటే చాలదు.

మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, కొనే మనిషి మన తెలంగాణ రాష్ట్రం వాడైతే, అమ్మిన 14 రోజుల్లో అమ్మినవాళ్లు ఆర్టీఏకు తెలియజేయాలి. అందుకు ఫారం 29. కొన్నవాళ్లు 30 రోజుల్లో దరఖాస్తు పెట్టుకోవాలి. అందుకు ఫారం 30. ఈ రెండింటిలో ఒక్క గడి కూడా ఖాళీగా ఉండగా సంతకం పెట్టకండి. కొనేవాళ్ల పేరు, చిరునామా, తేదీ నిండాకే కలం పట్టండి. బండి లోను మీద కొన్నదైతే, వాయిదాలన్నీ కట్టేసినా ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు అలాగే ఉండిపోతుంది. బాకీ లేదని కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీతో పాటు ఫారం 35 పెట్టి దాన్ని తీయించాలి. చాలా బేరాలు ఇక్కడే ఆగిపోతాయి, ఎందుకంటే ఆ ఎన్‌ఓసీ ఏ బీరువాలో ఉందో ఎవరికీ గుర్తుండదు. కాబట్టి బేరం పెట్టకముందే వెతకండి.

కొనేవాళ్లు సాగర్ అవతల మాచర్ల వాళ్లో, గద్వాల నుంచి అటు రాయచూరు, కర్నూలు వాళ్లో అయితే సంగతి వేరు. రాష్ట్రం మారుతుంది కనుక ఫారం 28తో, వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదని ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ తీసుకోవాలి. బండి మీద పెండింగు చలాన్లు ఉంటే ముందు అవి కట్టేయాలి.

నంబరు పలక కూడా ఒకసారి చూసుకోండి. ఏపీ 24 అంటే పాత నల్లగొండ జిల్లా, ఏపీ 22 అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా. తెలంగాణ వచ్చాక టీఎస్ అయింది, 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ అయింది. పాత ఏపీ నంబరు చెల్లుతుంది, దానికి భయం లేదు. కానీ ఆ సిరీస్ బండి 2014 జూన్‌కు ముందు రిజిస్టరు అయిందన్న మాట. సొంత బండి రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. అంటే మన దగ్గర ఏపీ పలక ఉన్న బండ్లలో కొన్నిటికి గడువు ఎప్పుడో దాటింది, మిగతావాటికి 2029 జూన్ లోపు దాటుతుంది. గడువు దాటితే ఫారం 25 పెట్టి, బండిని ఆర్టీఏలో చూపించి, మరో 5 ఏళ్లకు రెన్యూవల్ చేయించాలి. పదిహేనేళ్లు దాటిన బండికి గ్రీన్ ట్యాక్స్ కూడా ఉంటుంది. ఈ ఖర్చు ఎవరిదో బేరంలోనే తేల్చుకోండి. తర్వాత మాట్లాడుకుందాం అంటే అది అమ్మినవాళ్ల మీదే పడుతుంది.

ఇంకో చిన్న పని ఉంది, చాలామంది చివరి రోజు దాకా పట్టించుకోరు. పేరు మార్పు కాగితాలతో ఇచ్చే ఛాసిస్ నంబరు (బండి చట్రం మీది నంబరు) పెన్సిల్ ప్రింట్. చాలా బండ్లలో ఈ నంబరు హ్యాండిల్ కింద మెడ గొట్టం మీద కొట్టి ఉంటుంది. మన చెలకల దారుల్లో తిరిగిన బండికి అక్కడ ఎర్రమట్టి, గ్రీజు కలిసి గట్టిగా పేరుకుని ఉంటాయి. పాత టూత్‌బ్రష్‌ను కిరసనాయిల్లో ముంచి మెల్లగా రుద్దండి. ఇనుప బ్రష్ గానీ, ఉప్పుకాగితం గానీ వాడొద్దు. అక్షరాలు అరిగితే నంబరు చెరిపారన్న అనుమానం వస్తుంది, బండి తనిఖీలో చిక్కు మొదలవుతుంది. ఆరిన తర్వాత పలచటి కాగితం పెట్టి, పెన్సిల్ మొనను అడ్డంగా వాల్చి రుద్దితే అంకెలు తేలతాయి. మూడు ప్రింట్లు తీసి ఉంచుకోండి.

అమ్మేముందు బండి మీద ఎంత ఖర్చు పెట్టాలి? తక్కువే. ఇంజన్ ఆయిల్ మార్పించండి, 100 సీసీ బండికి లీటరు లోపే పడుతుంది. ప్లగ్గు శుభ్రం చేయించండి. బ్యాటరీ దిగిపోయి ఉంటే ఛార్జింగ్ పెట్టించండి. బండి ఆపి ఉండగా 12.6 వోల్టుల దగ్గర చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. నెలల తరబడి నిలబడ్డ బండి అయితే ట్యాంకులో పాత పెట్రోలు తీసేసి, కార్బురేటర్ గిన్నె విప్పి కడిగించాలి. పెట్రోలు ఆవిరై జిగురు మిగులుతుంది, సన్నటి జెట్టు దాంతో మూసుకుపోతుంది. అందుకే ఛోక్ వేస్తే స్టార్టవుతుంది, తీస్తే ఆగిపోతుంది. కొత్త టైర్లు, రంగు, స్టిక్కర్లు వేయించకండి. ఆ పైసలు ధరలో తిరిగి రావు. సైలెన్సర్ మార్పించి ఉంటే మాత్రం కంపెనీదే మళ్లీ బిగించండి.

కొనేవాళ్లు తమ వెంట మెకానిక్‌ను తెస్తారు. అతను ఏం చూస్తాడో ముందే తెలిస్తే ధర దగ్గర తడబడరు. చల్లగా ఉన్న ఇంజన్‌ను కిక్ కొట్టి పొగ చూస్తాడు. స్టార్ట్ కాగానే నీలంగా వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్లు అరిగినట్టు. ఎక్సలేటర్ ఇచ్చినంతసేపూ నీలంగానే వస్తుంటే రింగులు, బోరు అరిగినట్టు, అప్పుడు ధర వేలల్లో దిగుతుంది. చలి పొద్దుల్లో కొద్దిసేపు వచ్చే తెల్ల ఆవిరి తేమే, దానికి భయపడొద్దు. వెనక స్ప్రాకెట్ దగ్గర చైను పట్టి వెనక్కి లాగుతాడు. సగం పన్ను బయటికి కనపడితే చైను, స్ప్రాకెట్ సెట్టు మొత్తం మార్చాల్సిందే. ముందు చక్రం లేపి హ్యాండిల్ నిదానంగా తిప్పుతాడు. నడిమధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు, పోయినట్టు. గుంతల రోడ్ల బండ్లకు ఇది మామూలే. ఈ లోపాలు మీరే ముందు చెప్పేయండి. దాచిన లోపం దొరికితే బండి మొత్తం మీద నమ్మకం పోతుంది.

ట్రయల్‌కు ఇచ్చేటప్పుడు ఆ మనిషి వచ్చిన బండి తాళమో, వెంట వచ్చిన మనిషో మీ దగ్గర ఉండాలి. అసలు ఆర్సీ చేతికివ్వకండి. ఆన్‌లైన్‌లో ప్రకటన పెడితే చూడకుండానే కొంటాననే ఫోన్లు వస్తాయి, "క్యూఆర్ పంపించిన, స్కాన్ చేయండి, పైసలు పడతయ్" అంటారు. పైసలు రావడానికి స్కాన్ చేయాల్సిన పని లేదు, పిన్ కొట్టాల్సిన పని అసలే లేదు. ఎదుటి మనిషి ఫోన్లో పచ్చ టిక్కు చూసి నమ్మకండి, మీ ఖాతాలో జమ చూసుకోండి.

బండి అప్పగించేటప్పుడు డెలివరీ కాగితం రాయండి. తేదీతో పాటు సమయం గంటలు, నిమిషాలతో సహా ఉండాలి. అదే సాయంత్రం హైవే మీద ఏదైనా జరిగితే ఆ నిమిషాలే ముఖ్యం. ఛాసిస్, ఇంజన్ నంబర్లు, కిలోమీటర్లు, ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు ఉండాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా తెలియజేయండి. పాలసీ తన పేరు మీదికి మార్చమని కొన్నవాళ్లు 14 రోజుల్లో అడగాలి. వీలైతే ఇద్దరూ కలిసి స్లాట్ బుక్ చేసుకుని ఆర్టీఏకు వెళ్లండి. కుదరకపోతే ధరకు పైన రెండు వేలు మీ దగ్గర పట్టి ఉంచి, పేరు మారాక వాపసు ఇస్తామని కొనేవాళ్లతో ఒప్పందం చేసుకున్నా పని వేగంగా అవుతుంది.

పేరు మారిందా? ఇప్పుడు ఆకాశం సంగతి.

మన దేశంలో స్కైడైవింగ్‌కు పేరున్న చోటు హరియాణాలో నార్నౌల్ దగ్గరి ఎయిర్‌స్ట్రిప్. మనకు రైలు ఖర్చు, బస ఖర్చు అదనం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనుకూలం, వానాకాలంలో ఎక్కువగా ఆగిపోతుంది. గాలి, మబ్బు వల్ల ఎప్పుడైనా రద్దవుతుంది. అందుకే ఫీజు కట్టకముందే అడగండి: వాతావరణం బాగోక జంప్ లేకపోతే పైసలు వాపసా, ఇంకో తేదీయా, ఆ తేదీకి గడువెంత? జవాబు రాతలో తీసుకోండి. 2022లో కేంద్రం తెచ్చిన జాతీయ గగన క్రీడల విధానం కింద స్కైడైవింగ్ కూడా ఉంది. నిర్వాహకులకు ఏ అనుమతులున్నాయో, శిక్షకుడికి టాండెమ్ రేటింగ్, అంటే ఇంకొకరిని కట్టుకుని దూకే అర్హత, ఉందో లేదో అడగడం మీ హక్కు. పెద్ద పారాచూట్ సరిగా విచ్చుకోకపోతే వాడే రిజర్వు పారాచూట్‌ను చివరిసారి ఎప్పుడు మడిచారో రాసిన కార్డు ఉంటుంది, అదీ చూపించమనండి. అమెరికాలో ఆ పని 180 రోజులకోసారి సర్టిఫికెట్ ఉన్న రిగ్గర్, అంటే పారాచూట్లు మడిచే నిపుణుడు, చేయాలని నిబంధన.

ఇన్సూరెన్స్ గురించి ఒక్క మాట. ఆరోగ్య పాలసీల ప్రామాణిక మినహాయింపుల్లో సాహస క్రీడలు వృత్తిగా ఆడేవాళ్లకు వర్తించే షరతు ఉంది. ప్రమాద బీమా, జీవిత బీమా పాలసీల షరతులు వేరుగా ఉండవచ్చు. దూకకముందే చదువుకోండి.

టాండెమ్‌లో పని అంతా శిక్షకుడిదే. సోలో కోర్సులో చాలాచోట్ల ఒక రోజంతా నేల మీద పాఠం ఉంటుంది. తర్వాత సుమారు 10,000 నుంచి 13,000 అడుగుల ఎత్తులో ఇద్దరు శిక్షకులు చెరో పక్క పట్టుకుని దూకుతారు. పొట్ట ముందుకు, తల పైకి, కాళ్లు కొంచెం వంచి విల్లులా ఉండాలి. నడుం గట్టిగా బిగిస్తే ఒళ్లు ఊగుతుంది. వేగం గంటకు 190 కిలోమీటర్ల దాకా పోతుంది. మణికట్టు మీద ఎత్తు చూపే ఆల్టిమీటర్ 5,500 అడుగులు చూపగానే, పెద్ద పారాచూట్‌ను బయటికి గుంజే చిన్న పైలట్ చూట్ లాగాలి. ఆ తర్వాత పైకి చూసి మూడు ప్రశ్నలు: గుడ్డ చతురస్రంగా ఉందా, నిలకడగా ఉందా, మాట వింటోందా? తాళ్లు మెలికపడితే పట్టీలు విడదీసి కాళ్లతో తన్ని తిప్పుకోవచ్చు. 2,500 అడుగుల ఎత్తుకు దిగేలోపు అది సర్దుకోకపోతే ఇంకా ప్రయత్నిస్తూ కూర్చోకూడదు. మామూలుగా కుడివైపు ఉండే మెత్తటి పిడి లాగి పెద్ద పారాచూట్‌ను వదిలేయాలి, ఎడమవైపు పిడి లాగి రిజర్వు విప్పాలి. అమెరికా పారాచూట్ సంఘం మొదటి లైసెన్సుకు 25 జంపులు అడుగుతుంది.

జలుబు ఉంటే ఆ రోజుకు మానుకోండి. దిగేటప్పుడు చెవుల్లో, నుదుటి లోపల ఒత్తిడి సమం కాక విపరీతమైన నొప్పి వస్తుంది. గుండె, వెన్ను, మూర్ఛ సమస్యలు దాచకండి. బరువు పరిమితి ముందే కనుక్కోండి.

కొత్తవాళ్లకు దెబ్బలు తగిలేది ఎక్కువగా దిగే చోటనే. గాలికి ఎదురుగా తిరిగి రావాలి. మన ఊళ్లో ఒంటి అంతస్తు ఇంటి స్లాబు ఎత్తు ఎంతో ఊహించుకోండి, సుమారు పది పన్నెండు అడుగులు. ఆ ఎత్తుకు వచ్చాక, పారాచూట్‌ను తిప్పడానికి రెండు చేతుల్లో పట్టుకునే పిడులూ ఒకేసారి కిందికి గుంజాలి. ఒక చెయ్యి నేలకేసి చాపితే పారాచూట్ ఆ పక్కకే తిరిగి పడేస్తుంది. తొందరపడి పైనే గుంజేశామనుకోండి, భయపడి చేతులు పైకి వదిలేయకూడదు, గుడ్డ ముందుకు దూకి నేలకు కొడుతుంది. ఉన్నచోటే చేతులు ఆపి, నేల దగ్గర పడ్డాక మిగతాది గుంజి, పాదాలు, మోకాళ్లు దగ్గరగా పెట్టి దొర్లాలి.