సిగ్నల్ దగ్గర చదవగలిగే పోస్టర్

[దృశ్యం: విశాఖపట్నంలో మద్దిలపాలెం జంక్షన్. ఎర్ర లైటు. ఎదురుగా గోడ మీద పోస్టర్.]

నమస్కారం. ఆ గోడ వైపు చూడండి. పచ్చ లైటు పడేలోగా కచేరీ ఎప్పుడో, ఎక్కడో చెప్పగలరా? నేను చెప్పలేకపోయాను. ఎనిమిది ఫొటోలు, నాలుగు లోగోలు, వెనకాల సముద్రం. తేదీ మాత్రం కింద మూలన ఆవగింజంత ఉంది.

మనం ఇవాళ పిఠాపురం కాలనీ కళాభారతిలో ఒక వయొలిన్ కచేరీ ఉందనుకుని, దానికి పోస్టర్ వేద్దాం.

[దృశ్యం: ఖాళీ ఏ3 పేజీ.]

ఏ3 అంటే 297 × 420 మిల్లీమీటర్లు. 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, 3508 × 4961 పిక్సెళ్లు. నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ ఇవ్వండి, అంటే కత్తిరించే గీత దాటి బయటికి కూడా రంగు సాగాలి. కటింగ్‌లో కత్తి కాస్త జరిగినా తెల్ల అంచు కనపడదు. రంగులు సీఎంవైకేలో, అంటే అచ్చు సిరాల లెక్కలో పెట్టుకోండి. మానిటర్ మీద మెరిసే నీలం కాగితం మీద అంతగా మెరవదు. ఆర్కే బీచ్ ఫొటో పెడదామనుకునేవాళ్లకి ముందే చెబుతున్నా. అయినా కచేరీ జరిగేది హాల్లో అయితే సముద్రం ఎందుకండీ?

[దృశ్యం: స్కేలు, రోడ్డు వెడల్పు బొమ్మ.]

పది అడుగుల దూరానికి ఒక అంగుళం అక్షరం అని ఒక మోటు లెక్క ఉంది. రోడ్డుకి అవతల, 30 అడుగుల నుంచి కనపడాలంటే మూడంగుళాలు. ఏ3లో ఆ సైజుకి అడ్డంగా నాలుగు అక్షరాలు పట్టడమే కష్టం. అంటే దూరం నుంచి చదివించగలిగేది ఒక్కటే. నేనైతే తేదీ పెడతాను. సంగతేమిటో వయొలిన్ బొమ్మే చెబుతుంది కదా! పక్కన పెద్దగా '14', కింద 'శనివారం'. కళాకారుల పేర్లు, టైము, హాలు దగ్గరికొచ్చినవాళ్లు చదువుకుంటారు.

[దృశ్యం: ఒకదానికొకటి తగులుతున్న రెండు తెలుగు వరుసలు.]

అసలు చిక్కు ఇక్కడుంది. మన అక్షరానికి తల మీద గుడి, కాళ్ల కింద ఒత్తు. సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఇచ్చే వరుసల దూరం అక్షరం సైజులో 120 శాతం. ఇంగ్లీషుకి అది చాలు. తెలుగులో పై వరుస ఒత్తు వచ్చి కింది వరుస గుడి నెత్తిన కూర్చుంటుంది. 150 దాకా పెంచండి. హెడ్డింగుకి రామభద్ర ఫాంటు, చిన్న అక్షరాలకి మండలి ఫాంటు వాడుతున్నాను. రెండూ ఉచితమే.

పాత ఫొటోషాప్‌లో ఒత్తులు విడిపోతుంటే టైప్ సెట్టింగ్స్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి. ప్రెస్‌కి పంపేముందు అక్షరాలను అవుట్‌లైన్స్‌గా, అంటే ఫాంటు అక్కర్లేని బొమ్మలుగా మార్చి, పీడీఎఫ్ చేసి పంపండి. నా మొదటి పోస్టర్‌కి నేనది చేయలేదు. ప్రెస్‌లో కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేదు. 'ప్రవేశం ఉచితం' కాస్తా 'ప్‌రవేశం ఉచితం' అయింది. రెండొందల కాపీలు అచ్చయ్యాక చూశాను. ఆ రాత్రి టెన్షన్ చెప్పలేను. అచ్చుకి ముందు చూసుకునే నమూనా, అదే ప్రూఫ్, అడగని తప్పు నాదే.

క్యూఆర్ కోడ్ పెడితే చుట్టూ తెల్లగా ఖాళీ వదలండి. అంచుకి పెట్టొద్దు, మైదా జిగురుకి కాగితం ముడతపడేది అక్కడే.

[దృశ్యం: వీధి గోడకి అంటించిన నమూనా, దూరంగా అమ్మ.]

ఒక్క కాపీ తీయించి, 30 అడుగుల దూరంలో అమ్మని నిలబెట్టాను.

"పద్నాలుగో తారీకున వయొలినా?" అంది. తర్వాత నాలుగడుగులు ముందుకొచ్చి, కళ్లు చికిలించి, "ఎన్నింటికిరా?" అంది.

టైము సైజు ఇంకాస్త పెంచాను.